ముప్పై మూడో అక్షరం

పేరు పొడుగ్గా ఉండటం ప్రమాదకరమని రాష్ట్ర భూదస్త్రాల సంచాలక కార్యాలయానికి ఒకానొక బుధవారం పొద్దున్న పదకొండున్నర గంటలకు తెలిసింది. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఆ కార్యాలయం పొడుగు పేర్ల జనంతోనే వ్యవహారం నడిపింది. అయినా ఎవరికీ ఏమీ కాలేదు. ఏదో పూర్వజన్మ సుకృతం అనుకోవాలి.

ఆ పొద్దున్న ప్రజా కౌంటరు ముందు నిలబడ్డ రైతు పేరు పొట్నూరు వరాహలక్ష్మీనరసింహ వీరవెంకటసత్య పైడి సూర్యనారాయణ. ఊపిరి తీసుకోండి. ఆ పేరు వెనక ఆడంబరమేమీ లేదు. వాళ్లమ్మకి ముందు ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోసారి ఆవిడ ఏ ఒక్క దేవుణ్ణీ నమ్ముకుని కూర్చోదలుచుకోలేదు. సింహాచలంలో ఒక మొక్కు, అన్నవరంలో ఒకటి, విజయనగరం పైడితల్లికి ఒకటి, అరసవల్లిలో ఒకటి మొక్కింది. బిడ్డ నిలిచాడు. నలుగురిలో ఎవరు నిలబెట్టారో తేల్చే సదుపాయం లేదు కనక నలుగురి పేర్లూ పెట్టేసింది. ఆ వైపు ఇలాంటి పేర్లు ఊరికి పది ఉంటాయి.

ఆ తల్లి ఆరేళ్ల కిందట పోతూ పోతూ ఎకరా ముప్పై సెంట్లు కొడుకు పేర వీలునామా రాసింది. పూర్తి పేరు రాయించింది, ఒక్క దేవుణ్ణి కూడా వదల్లేదు. ఆ భూమిని రికార్డుల్లో తల్లి పేరు నుంచి తన పేరుకి మార్పించుకోవడానికి సూర్యనారాయణ ఆరేళ్లుగా తిరుగుతున్నాడు. ఆరేళ్లంటే మన కార్యాలయాల లెక్కలో ఫైలుకి ఇంకా పాలపళ్లు ఊడనట్టు.

కౌంటరు దగ్గర కొత్తగా ఒక తెర పెట్టారు. పేరు కొడితే ఫైలు ఎక్కడుందో చెబుతుంది. సూర్యనారాయణ ఒక్క వేలితో, నాలుగు నిమిషాలు కష్టపడి, పేరంతా కొట్టాడు. తెర ఒకసారి నల్లబడి మళ్లీ వెలిగింది.

"అమ్మా, ఒక్కపాలి ఇలగొచ్చి సూడు తల్లీ," అని పిలిచాడు.

బల్ల కింద తీగలు సర్దుతున్న హైమావతి లేచి వచ్చింది. గొర్లె హైమావతి ఆ కార్యాలయంలో కంప్యూటర్లు చూసుకునే మనిషి. ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది, కాని ఉద్యోగి కాదు. పదకొండు నెలలకో ఒప్పందం, ఒక రోజు ఖాళీ, మళ్లీ పదకొండు నెలలు. ఆ ఒక్క రోజు ఖాళీలో ఆమె ఎక్కడ పర్మినెంటు అయిపోతుందోనన్న భయం ప్రభుత్వానికి తీరుతుంది.

"ఏమైంది బాబాయ్?"

"నా పేరు కొట్టినానమ్మా. నన్ను డైరెట్రుగోర్ని సేసేసినాది."

తెర మీద 'స్వాగతం, సంచాలకుల వారికి' అని ఉంది. కింద రాష్ట్రం మొత్తమ్మీద ఆమోదం కోసం పడి ఉన్న ఫైళ్లు, ఒక్కొక్క దాని పక్కన ఆకుపచ్చటి 'మంజూరు' బొత్తాం. వాటిలో సూర్యనారాయణ ఫైలూ ఉంది.

"నొక్కీమంటావా?" అన్నాడాయన అమాయకంగా.

"వద్దు బాబాయ్! ముట్టుకోకు!" అని అరిచింది హైమావతి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని రెండో చేత్తో పట్టుకున్నాడు. ఆ క్షణాన ఆయన కాస్త నిజాయితీ తక్కువ మనిషై ఉంటే ఆరేళ్ల పని ఒక్క క్షణంలో అయిపోయేది. హైమావతికి ఆ సంగతి తర్వాత చాలా రోజులు నిద్ర లేకుండా చేసింది.

మధ్యాహ్నానికల్లా ఆమెకి అసలు సంగతి తెలిసిపోయింది. ఊళ్లలోని కౌంటర్ల నుంచి తీగల మీద వచ్చే పేర్లని అందుకోవడానికి, రికార్డులన్నీ దాచే పెద్ద సర్వరులో ఒక నెట్‌వర్క్ సర్వీసు ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటే వచ్చింది. దాన్ని రాసిన మహానుభావుడెవరో పేరుకి ముప్పై రెండు గళ్లు ఇచ్చాడు. అంతకు మించి పేర్లుంటాయని ఆయనకి తోచలేదు. ముప్పై మూడో అక్షరం వస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా ఆ యంత్రం లెక్కలో విడి అక్షరాలే. ఆ గళ్ల పక్కనే 'ఇప్పుడు కూర్చున్నది ఎవరు' అని రాసుకునే గడి ఉంది. ముగ్గురు కూర్చునే బస్సు సీట్లో పదిమందిని కుక్కితే చివరివాడు వెళ్లి డ్రైవరు ఒళ్లో పడ్డట్టు, పేరులో మిగిలిన అక్షరాలు వెళ్లి సంచాలకుల కుర్చీలో పడుతున్నాయి. దీన్ని ఆ వృత్తిలో వాళ్లు బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. తయారుచేసిన కంపెనీ నాలుక్కరుచుకుని ఆ కన్నం పూడ్చే అతుకు, ప్యాచ్ అంటారు దాన్ని, విడుదల కూడా చేసింది. అది ఎక్కించాలంటే సర్వరుని పదకొండు నిమిషాలు ఆపాలి.

హైమావతి ఇదంతా ఒక పేజీలో రాసుకుని సంచాలకులు పరాంకుశంగారి గదిలోకి వెళ్లింది. సూపరింటెండెంటు సన్యాసిరావు అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన ఎప్పుడూ అక్కడే నిలబడి ఉంటాడు.

పరాంకుశంగారు పేజీ అంతా చదివి కళ్లజోడు తీశారు. "ఆపాలా?" అన్నారు.

"పదకొండు నిమిషాలండీ."

"అమ్మా, గుమ్మం దగ్గర బోర్డు చూశావా?"

చూడకేం? గుమ్మం దగ్గర నల్లబల్ల మీద 'నిరంతరాయ సేవ: 912 రోజులు' అని ఉంటుంది. అటెండరు రోజూ పొద్దున్నే వచ్చి పాత అంకె చెరిపి కొత్తది సుద్దముక్కతో రాస్తాడు. వెయ్యి రోజులు ఆగకుండా నడిచిన యంత్రానికి జాతీయ స్థాయిలో పురస్కారం ఉంది.

"ఇంకా ఎనభై ఎనిమిది రోజులున్నాయి. ఈలోపల ఆపడమనేది విధానపరంగా సాధ్యం కాని విషయం," అన్నారు పరాంకుశంగారు. "అయినా అసలు ప్రశ్న వేరే ఉంది. ముప్పై రెండు అక్షరాల లోపు పేరు కొడితే యంత్రం సక్రమంగా పనిచేస్తోందా లేదా?"

"చేస్తోందండీ."

"అంటే లోపం యంత్రంలో లేదు. పేరులో ఉంది."

సన్యాసిరావు తల పంకించాడు. హైమావతి బల్ల దగ్గరికి ఒక అడుగు వేసింది.

"అది కాదండీ. ఎవడైనా దొంగ కావాలని పొడుగు పేరు పంపిస్తే, రాష్ట్రంలో ఎవరి భూమినైనా ఎవరి పేరుకైనా..."

"నువ్వు చెప్పిన సమస్యని సమగ్రంగా పరిష్కరిద్దాం. సన్యాసిరావ్, రాసుకో."

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ఇందుమూలముగా రాష్ట్రములోని సమస్త ప్రజానీకమునకు తెలియజేయునదేమనగా, భద్రతా కారణముల దృష్ట్యా ఇకమీదట ఏ వ్యక్తి యొక్క నామధేయమును ముప్పది రెండు అక్షరములకు మించి ఉండరాదు. మించిన యెడల సదరు వ్యక్తి తన పేరును తక్షణమే కుదించుకుని, ధ్రువపత్రము పొందవలెను. హ్యాకర్లు సైతము ప్రజలే కనుక ఈ ఉత్తర్వు వారికిని వర్తించును.

"దొంగలు ఇది పాటిస్తారాండీ?" అని అడిగింది హైమావతి.

"పాటించకపోతే ఉల్లంఘన అవుతుందమ్మా. ఉల్లంఘనకి శిక్ష ఉంది. నాలుగో పేరా చూడు," అన్నారు పరాంకుశంగారు ఓపిగ్గా. "విదేశాల్లో ఉన్న హ్యాకర్ల సౌకర్యార్థం ఇంగ్లీషు ప్రతి కూడా వెబ్‌సైట్లో పెట్టిస్తున్నాను. తెలియదనడానికి వీల్లేదు."

ఇక చూడాలి రాష్ట్రంలో సందడి! 'నామ సంక్షిప్తీకరణ పక్షోత్సవాలు' అని ఊరూరా ఫ్లెక్సీలు లేచాయి. బడిపిల్లలు 'చిన్న పేరు, పెద్ద భద్రత' అని అరుచుకుంటూ ఎండలో ఊరేగారు. వారానికి రెండువందల పేర్లు కుదించాలని గ్రామ సిబ్బందికి లక్ష్యాలు పెట్టారు. చిన్న ఊళ్లలో మొదటి వారానికే పొడుగు పేర్లు అయిపోయాయి. లక్ష్యం మాత్రం మిగిలింది. ఒకచోట ఉత్సాహవంతుడైన ఉద్యోగి ఒకాయన రాము అనేవాణ్ణి పట్టుకుని రా అని కుదించి, ఆ వారం జిల్లాలో ప్రథమ స్థానం సంపాదించాడు. బారసాల చేసుకునేవాళ్లు ముందు పేరు తెచ్చి ఆఫీసులో కొలిపించుకోవాలన్నారు. శుభలేఖ అచ్చు వెయ్యాలంటే ప్రెస్సువాడు వధూవరుల కుదింపు ధ్రువపత్రాలు అడిగాడు. పరాంకుశంగారి గది బయట ఆయన హోదాలన్నీ కలిపి ఐదు వరుసల బోర్డు ఉండేది. హోదాలు పేరు కిందికి రావని న్యాయశాఖ అభిప్రాయం తెప్పించుకున్నారు.

ఎవరి పేరు వాళ్లకి ముద్దు కదా, జనం గొడవ చెయ్యరా అని మీరు అడగొచ్చు. కొందరు చేశారు. కాని కుదింపు ధ్రువపత్రం లేకపోతే కౌంటరు దగ్గర ఏ పనీ జరగదని తెలిశాక, అందరూ క్యూలో నిలబడ్డారు.

సూర్యనారాయణ కూడా నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చేసరికి సన్యాసిరావు ముందర ముప్పై రెండు గళ్ల అట్టముక్క ఉంది. పేరంతా విని సన్యాసిరావు పెన్ను కింద పెట్టేశాడు.

"ఇందులో ఎవర్ని ఉంచమంటావు?"

"ఎవరినీ తియ్యొద్దు బాబూ. మాయమ్మ మొక్కుకున్నాది."

"నలుగురు పట్టరయ్యా. ఒకళ్లు, మహా అయితే ఒకళ్లన్నర. నరసింహస్వామిని తీసేస్తే ఎలా ఉంటుంది?"

"ఓలమ్మో! ఆ బాబుకి కోపమొస్తే తట్టుకోగలమేటి?"

"పోనీ సత్యదేవుణ్ణి?"

"ఏటాటా వ్రతం సేయించుకుంటన్నాను బాబూ. రేపు ఏ మొగమెట్టుకుని ఎల్లాలి?"

"పైడితల్లి?"

సూర్యనారాయణ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. పక్కన నిలబడ్డ హైమావతికి గుండె చెరువైంది. తను రాసిన పేజీ కాగితమే కదా ఇదంతా తెచ్చిపెట్టింది! యంత్రానికి జబ్బు చేసిందని చెబితే వీళ్లు రోగిని వదిలేసి ఊరందరికీ కోత పెడుతున్నారు.

వెనకాల క్యూ విసుక్కుంటోంది. చివరికి సన్యాసిరావే తీర్పు చెప్పి 'పొట్నూరు సూరి' అని రాసి ముద్ర కొట్టాడు. "ఏడాది తర్వాత అప్పీలు చేసుకుంటే ఇంకో దేవుణ్ణి మార్చుకోవచ్చు, ఆ వెసులుబాటు ఉంది," అని కూడా దయతో చెప్పాడు.

సరే, ధ్రువపత్రం వచ్చింది కదా, ఫైలు కదిలిందా అంటే, కదిలింది. వారం తిరక్కుండానే కదిలింది. వీలునామాలో ఉన్న పొట్నూరు వరాహలక్ష్మీనరసింహ వగైరా అనే వ్యక్తి ప్రస్తుతం రాష్ట్రంలో లేడని, ముప్పై రోజుల్లోగా సదరు వ్యక్తి స్వయంగా హాజరు కాకపోతే ఆ ఎకరా ముప్పై సెంట్లు వారసులు లేని భూమిగా ప్రభుత్వానికి దఖలు పడుతుందని నోటీసు వచ్చింది.

సూర్యనారాయణ మర్నాడే బస్సెక్కి వచ్చి హాజరయ్యాడు.

"నువ్వెవరు?" అన్నాడు సన్యాసిరావు.

"నానే బాబూ. ఆ పేరు నాదే."

సన్యాసిరావు ధ్రువపత్రం తీసి చూపించాడు. "నువ్వు పొట్నూరు సూరివి. ఇదిగో, నా సంతకమే. మేం పిలిచింది ఇంకొకాయన్ని. ఆయన్ని పంపించు."

హైమావతి ఒంటికాలి మీద లేచింది. "ఆ ఇంకొకాయన కూడా ఈయనేనండీ! మీరే కదా కోసి చిన్నది చేశారు!"

"ఒకే మనిషికి రెండు పేర్లుండటం ఉత్తర్వు ప్రకారం నేరం హైమావతీ. నువ్వు ఆయనకి సాయం చేస్తున్నాననుకుంటున్నావు, కేసు పెట్టిస్తున్నావు," అన్నాడు సన్యాసిరావు. అన్నాక గొంతు తగ్గించి, "నాకు మాత్రం బాగుందా ఏంటి? ఆరు నెలల్లో రిటైరవుతున్నానమ్మా," అన్నాడు.

ఆ రోజు నుంచీ హైమావతి వారానికి నాలుగైదు ఉత్తరాలు రాసింది. లోపం యంత్రంలో ఉందని, ప్యాచ్ సిద్ధంగా ఉందని, పదకొండు నిమిషాలు ఇస్తే చాలని, మనుషుల పేర్లు మనుషులకి ఇచ్చేయొచ్చని రాసింది. ప్రతి ఉత్తరమూ మర్నాటికల్లా తిరిగొచ్చేది. మార్జిన్లో ఎర్రసిరాతో 'లోపము లేదు' అని రాసి పరాంకుశంగారి సంతకం ఉండేది. మొత్తం పందొమ్మిది ఉత్తరాలు, పందొమ్మిది ఎర్రసిరాలు.

ఆవిడ పోరు పడలేక పరాంకుశంగారు ఒక ఉన్నతస్థాయి నిపుణుల సంఘం వేశారు. సంఘంవారు మూడు రోజులు యంత్రాన్ని పరీక్షించారు. ముప్పై రెండు అక్షరాల లోపు పేర్లు వెయ్యి కొట్టి చూశారు. యంత్రం ముత్యంలా పనిచేసింది.

"అంతకన్నా పొడుగుది ఒక్కటి కొట్టి చూడండి," అని బతిమాలింది హైమావతి.

"అది చట్టవిరుద్ధం కదమ్మా," అన్నాడు సంఘం అధ్యక్షుడు నొచ్చుకుని.

ఆ నివేదిక జతచేసి పరాంకుశంగారు పురస్కారం కోసం ప్రమాణపత్రం పంపారు. మా యంత్రములో ఏ లోపమును లేదు, ఎన్నడును లేదు, నా స్వహస్త ఆమోదము లేనిదే ఈ కార్యాలయమునుండి ఒక్క ఉత్తర్వు కూడ వెలువడదు అని దాని సారాంశం. కింద సంతకం పెట్టేటప్పుడు ఫొటో కూడా తీయించుకున్నారు.

నోటీసు గడువు ముప్పై రోజుల్లో ఇరవై తొమ్మిది అయిపోయాయి. ఆ మధ్యాహ్నం కార్యాలయం సిబ్బంది అంతా మేడమీద హాల్లో పురస్కారం అందుకోవడం ఎలాగో సాధన చేస్తున్నారు. పరాంకుశంగారు ఒక ప్లాస్టిక్ పళ్లాన్ని ఇరవైసార్లు అందుకున్నారు, ఇరవైసార్లూ చప్పట్లు కొట్టించుకున్నారు. కింద కౌంటరు దగ్గర హైమావతి, ఆఖరి ప్రయత్నంగా వచ్చిన సూర్యనారాయణ తప్ప ఎవరూ లేరు.

"ఒగ్గేస్తాను తల్లీ," అన్నాడాయన. "పోతే పోనీ. ఆ దుక్కి మాయమ్మ సేతులతో రాళ్లేరి సేసింది. అదొక్కటే బాద. ఏటి సేస్తాం."

న్యాయంగా పోదామని హైమావతి పందొమ్మిదిసార్లు గుమ్మం తొక్కింది. ఇంక తొక్కడానికి గుమ్మం లేదు. కుర్చీ లాగి తెర ముందు వేసింది.

"బాబాయ్, కూచో. నీ పేరు కొట్టు."

"సూరి అనా?"

"మీ అమ్మ పెట్టిన పేరు."

ఆయన భయంగా అటూ ఇటూ చూసి, ఒక్క వేలితో మొదలుపెట్టాడు. నరసింహస్వామి వెళ్లాడు, సత్యదేవుడు వెళ్లాడు, పైడితల్లి వెళ్లింది, చివర సూర్యనారాయణమూర్తి వెళ్లాడు. తెర నల్లబడి వెలిగింది. 'స్వాగతం, సంచాలకుల వారికి.'

"ఈపాలి నొక్కీనా?"

"నొక్కు బాబాయ్. ఆ రోజే నొక్కనివ్వాల్సింది. తప్పు నాది."

నొక్కాడు. ఆరేళ్ల ఫైలు అర సెకనులో మంజూరైంది. పూర్తి పేరుతో పట్టాదారు పాసుపుస్తకం ముద్రణకి వెళ్లింది. అంత పేరునీ ముద్రణకి కూడా మోయలేక ఆ వెంటనే సర్వీసు ఉక్కిరిబిక్కిరై పడిపోయింది. పడిపోతుందని హైమావతికి తెలుసు. ప్యాచ్ చేతిలో పట్టుకునే ఉంది. పదకొండు నిమిషాలు రాష్ట్రంలోని భూదస్త్రాలన్నీ ఆగిపోయాయి. మేడమీద చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి. పన్నెండో నిమిషానికి యంత్రం లేచి కూర్చుంది. మర్నాడు పొద్దున్న అటెండరు వచ్చి బోర్డు మీద సుద్దముక్కతో 991 రోజులు అని రాశాడు.

వెయ్యో రోజున పురస్కారం వచ్చింది. మర్నాడు హైమావతి ఒప్పందం అయిపోయింది. ఈసారి ఒక రోజు ఖాళీ కాస్తా శాశ్వతమైన ఖాళీ అయింది. సంస్థ ప్రతిష్ఠకు భంగకరముగా పందొమ్మిది లేఖలు రాసినందున పునరుద్ధరించలేదని కాగితం ఇచ్చారు. ఆమె టిఫిను డబ్బా, స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. ఏడవలేదు అంటే అబద్ధం, బస్సులో ఏడ్చింది.

పురస్కారం గూట్లో పెట్టిన నాలుగో రోజున సంచాలక కార్యాలయానికి ఎవరో రాసిన రిజిస్టరు ఉత్తరం ఒకటి వచ్చింది. కార్యాలయం భవనం, దాని చుట్టూ ఉన్న నాలుగెకరాల స్థలం తనవని, నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలని అందులో ఉంది. రికార్డు తీసి చూస్తే నిజమే. ప్యాచ్ ఎక్కడానికి పది రోజుల ముందే, సంచాలకుల ఆమోదంతో, ఆ స్థలం యావత్తూ ఒక వ్యక్తి పేరుకి మారిపోయింది. ఆయన పేరు సన్యాసిరావు పైకి చదవడం మొదలుపెట్టాడు.

"శ్రీ అ అ అ అ అ అ అ అ..."

"ఏమైందయ్యా? గుండె నొప్పా?" అన్నారు పరాంకుశంగారు కంగారుగా.

"పేరేనండీ. మూడొందల అ-లు ఉన్నాయి."

దొంగకి పేరుతో మొక్కులేమీ లేవు. గళ్లు నిండి పొర్లితే చాలు, ఏ అక్షరమైతేనేం! పరాంకుశంగారు మాత్రం ధైర్యం కోల్పోలేదు. ఆ పేరు ముప్పై రెండు అక్షరాల ఉత్తర్వుని ఉల్లంఘిస్తోందని తాఖీదు పంపించారు. తిరుగు టపాలో జవాబు వచ్చింది. ప్రభుత్వ ఉత్తర్వులంటే తనకెంతో గౌరవమని, తన పేరుని 'అ' అని కుదించుకుంటున్నానని, భూమి కూడా ఆ పేరుకే మార్చమని కోరాడాయన. అంత చక్కగా ఉత్తర్వు పాటించిన పౌరుడు రాష్ట్రంలో ఇంకొకడు లేడు. నిబంధనల ప్రకారం కాదనడానికి వీల్లేక ధ్రువపత్రం ఇచ్చారు.

అప్పుడు విజిలెన్సు వచ్చింది. డీఎస్పీ రేణుకాదేవి పరాంకుశంగారి గదిలో కూర్చుని, ఆయన ప్రమాణపత్రం ఆయన ముందే పరిచింది.

"ప్రభుత్వ భవనాన్ని ఎవరికో రాసిచ్చిన ఉత్తర్వు మీద మీ ఆమోదం ఉంది. మీ ఆమోదం లేకుండా ఏదీ వెలువడదని మీరే రాశారు. యంత్రంలో కన్నం ఉంటే చెప్పండి, మిమ్మల్ని వదిలేస్తాను. లేకపోతే ఇది మీరే చేశారు. ఏదో ఒకటి తేల్చండి."

"ఉంది! కన్నం ఉంది!" అన్నారు పరాంకుశంగారు లేచి నిలబడి. "మొదటి నుంచీ ఉంది! మా హైమావతి పందొమ్మిదిసార్లు రాసింది!"

"మీ సంఘం లేదంది. మీరు లేదని ప్రమాణం చేశారు. ఇప్పుడు మీ నోటి మాట చెల్లదు. యంత్రం చూసుకున్న ఆవిడ రాసిస్తే తీసుకుంటాను."

జీపు వెళ్లి హైమావతిని తీసుకొచ్చింది. ఆ గదిలో ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆమెకి కుర్చీ వేశారు. సన్యాసిరావు స్వయంగా టీ తెచ్చాడు. పరాంకుశంగారు ఆమె పక్కకి వంగి, గొంతులో తేనె పోసుకుని మాట్లాడారు.

"తల్లీ, నువ్వు చెప్పిందే రైటు. అదే రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టు. పర్మినెంటు ఆర్డరు టైపు చేయించి ఉంచాను. చూడు, నీ పేరే."

నిజంగానే టైపు చేయించారు. హైమావతి దాన్ని చేతిలోకి తీసుకుని చదివింది. ఇంట్లో ముగ్గురు తన జీతం మీదే బతుకుతున్నారు. ఎనిమిదేళ్లుగా ఈ ఒక్క కాగితం కోసమే ఆ తీగల మధ్య పాకింది. తర్వాత డీఎస్పీ వైపు తిరిగింది.

"కన్నం ఉందని రాసిస్తే ఏమవుతుందండీ?"

"ఈయన బయటపడతాడు. ఈ మూడు నెలల్లో వచ్చిన ఉత్తర్వులన్నీ మొత్తానికి మొత్తం రద్దు చేస్తాం. ఎవరిది ఏదో విడదీసి చూడటం కుదరదు."

"అన్నీనా?"

"అన్నీ."

"లేదని రాస్తే?"

"అన్నీ ఈయనే ఇచ్చినట్టు లెక్క. ఈ భవనం సంగతి కోర్టులో ఈయన చెప్పుకుంటాడు. మిగతావాళ్ల జోలికి మేం పోం."

ఆ మిగతావాళ్లలో ఎకరా ముప్పై సెంట్ల ఆసామి ఒకాయన ఉన్నాడు. హైమావతి పర్మినెంటు ఆర్డరుని జాగ్రత్తగా మడిచి పరాంకుశంగారి బల్ల మీద పెట్టేసింది. తెల్లకాగితం అడిగి తీసుకుంది. 'ఈ కార్యాలయపు యంత్రంలో ఏ లోపమూ లేదు, ఎన్నడూ లేదు. ఇక్కడి నుంచి వెలువడిన ప్రతి ఉత్తర్వూ సంచాలకులవారు స్వయంగా ఇచ్చినదే' అని గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, డీఎస్పీకి ఇచ్చింది.

పరాంకుశంగారు ఆ రెండు వాక్యాలూ చదివి కుర్చీలో కూలబడ్డారు. "హైమావతీ! ఇదేంటమ్మా! నా కొంప ముంచుతావా?"

డీఎస్పీ పాత ఫైలు తెరిచి ఎర్రసిరా కాగితాలు ఒక్కొక్కటే తిరగేసింది. "మరి ఇవేంటమ్మా? లోపం ఉంది, ఉంది అని పందొమ్మిది ఉత్తరాలు రాశావు కదా?"

"అప్పటికి నాకు తెలీదండీ," అంది హైమావతి. "డైరెక్టరుగారు లేదని పందొమ్మిదిసార్లు చెప్పాక తెలిసింది."